ఐదడుగుల మూడంగుళాల దారిలో: డబ్లిన్ నుంచి డొనెగల్ దాకా

ఐర్లాండ్ ద్వీపం మీద రెండు పాలనలున్నాయి. దక్షిణాన ఐర్లాండ్ రిపబ్లిక్. అక్కడ యూరోలు, కిలోమీటర్లు. ఉత్తరాన ఉత్తర ఐర్లాండ్, అది యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం, వాడుకలో మనం బ్రిటన్ అనే దేశం. అక్కడ పౌండ్లు, మైళ్లు. మధ్యలో కంచె లేదు, గేటు లేదు. సరిహద్దు దాటామని మనకు తెలిసేది కొలతలు మారినప్పుడే. ఇంత తేడాలోనూ రైలు పట్టాల మధ్య దూరం మాత్రం ఇటూ అటూ ఒకటే. ఈ ప్రయాణం పెట్టుకున్నది ముఖ్యంగా అది చూడ్డానికే. నాన్న రైల్వేలో ట్రాక్ పని చూసేవారు కాబట్టి గేజ్ (పట్టాల మధ్య దూరం) అనే మాట మా ఇంట్లో అన్నం, పప్పు అన్నంత మామూలుగా వినపడేది. తమ్ముడు చాలా ఏళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నాడు. "నువ్వు రా అక్కా, నేను సెలవు పెడతా" అన్నాడు. ఇంకేం కావాలి!

వీసా సంగతి మాత్రం ముందే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు. ఇండియాలో ఇచ్చే ఐరిష్ విజిటర్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అనే అక్షరాలుంటే అదే వీసాతో బెల్‌ఫాస్ట్ కూడా వెళ్లి రావచ్చు. ఐర్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్న ఇండియన్ పాస్‌పోర్టువాళ్లకు ఆ వెసులుబాటు లేదు, వాళ్లు బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి. దారిలో ఎవరూ ఆపి అడగరు కదా అని వెళ్లిపోకూడదు. తమ్ముడికి ఐరిష్ పాస్‌పోర్టు వచ్చేసింది కాబట్టి మాకు ఇబ్బంది లేకపోయింది.

2025 సెప్టెంబర్ 11, గురువారం. డబ్లిన్

కనొలీ స్టేషన్ బయట లువాస్ ట్రామ్ ఆగుతుంది. లోపల ప్లాట్‌ఫారాల మీద రైళ్లు. ఒకదాన్నుంచి ఒకదానికి నడిచి వెళ్లడానికి రెండు నిమిషాలు చాలు. ట్రామ్ పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు, ప్రపంచంలో ఎక్కువ చోట్ల ఉండే స్టాండర్డ్ గేజ్. రైలు పట్టాల మధ్య 1600. తేడా ఆరున్నర అంగుళాలు. జానెడు కూడా లేదు. ఆ కాస్త తేడాతో ఈ ట్రామ్ ఆ పట్టాల మీదికి ఎప్పటికీ ఎక్కలేదు. మన బ్రాడ్ గేజ్ 5 అడుగుల 6 అంగుళాలు, వీళ్లది 5 అడుగుల 3 అంగుళాలు. అంటే మనకంటే సరిగ్గా మూడు అంగుళాలు తక్కువ. ప్లాట్‌ఫారం చివర నిలబడి చూస్తే ఆ మూడు అంగుళాలు కంటికి ఆనవు.

ఈ 5 అడుగుల 3 అంగుళాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1834లో డబ్లిన్ నుంచి కింగ్స్‌టౌన్‌కు వేసిన మొదటి లైను ఇంగ్లండ్ పద్ధతిలో 4 అడుగుల 8½ అంగుళాలు. 1839లో బెల్‌ఫాస్ట్ నుంచి మొదలైన అల్‌స్టర్ రైల్వే ఏకంగా 6 అడుగుల 2 అంగుళాలు. డబ్లిన్ నుంచి ద్రొహెడాకు లైను వేస్తున్నవాళ్లు 5 అడుగుల 2 అంగుళాలు అనుకున్నారు. ఇంత చిన్న ద్వీపంలో మూడు గేజ్‌లు! రేపు ఈ లైన్లు కలవాల్సి వస్తే ఏమిటని తగువు వచ్చింది. తీర్పు చెప్పాల్సింది రైల్వే ఇన్‌స్పెక్టర్ జనరల్ పాస్లీ. ఆయన పేరున్న ఇంజినీర్లను అడిగితే ఐదు అడుగుల నుంచి ఐదున్నర అడుగుల దాకా రకరకాలుగా చెప్పారు. ఆయన నడిమధ్య అంకె పట్టుకున్నాడు. 1846లో బ్రిటిష్ పార్లమెంటు దాన్నే చట్టం చేసింది: బ్రిటన్‌కు 4 అడుగుల 8½, ఐర్లాండ్‌కు 5 అడుగుల 3. అల్‌స్టర్ రైల్వే అప్పటికే వేసుకున్న పట్టాలు పీకి మళ్లీ వేసింది, అందుకు పరిహారం తీసుకుంది. డబ్లిన్‌లోని మొదటి లైను 1857లో మారింది.

అప్పటిదాకా ఐర్లాండ్‌లో ఎవరూ వాడని అంకె అది. దాన్ని ఒప్పుకున్నందుకు ప్రతివాళ్లూ ఎంతో కొంత నష్టపోయారు. అందుకే నాకది నచ్చింది.

మధ్యాహ్నం లిఫీ నది ఒడ్డున చిన్న హోటల్లో సీఫుడ్ చౌడర్ తిన్నాం. పాలూ వెన్నా వేసి చిక్కగా కాచిన చేపల పులుసు, పక్కన రెండు ముక్కల బ్రౌన్ బ్రెడ్. ఆ బ్రెడ్‌ను ఈస్ట్ లేకుండా సోడా, మజ్జిగ వేసి చేస్తారు. అంచులు మన దిబ్బరొట్టెలా కరకరలాడాయి. ఇద్దరికీ కలిపి బిల్లు 27 యూరోల 98 సెంట్లు. నోట్లు ఇస్తే 28 తీసుకున్నారు. రిపబ్లిక్‌లో 2015 అక్టోబర్ నుంచి నగదు బిల్లును దగ్గరలోని 5 సెంట్లకు సర్దుతున్నారు. 97 అయి ఉంటే 95 తీసుకునేవారు. కార్డు గీకితే ఉన్నదున్నట్టు. ఆ వారం యూరో 103 రూపాయల దగ్గర, పౌండు 119 దగ్గర ఉన్నాయి. "యూరోని వందతో గుణించు, పౌండుని నూట ఇరవైతో గుణించు, తిండి దగ్గర మాత్రం అసలు గుణించకు" అని తమ్ముడి సలహా. మొదటి రెండూ పాటించాను.

సెప్టెంబర్ 12. ఒక బండి ఇంకో బండినెక్కిన కథ

గిన్నిస్ బీరు కార్ఖానాలోని ప్రదర్శనశాల గిన్నిస్ స్టోర్‌హౌస్‌కు అందరూ బీరు కోసం వెళ్తారు. మేం వెళ్లింది ఒక రైలింజను కోసం. టికెట్ రోజును, వేళను బట్టి మారుతుంది. ముందుగా తీసుకుంటే నయం.

ఆ కార్ఖానా లోపల పీపాలు, బస్తాలు మోయడానికి ఒక బుల్లి రైలు ఉండేది. దాని గేజ్ 1 అడుగు 10 అంగుళాలు, అంటే రెండడుగులు కూడా లేదు. బయటి పెద్ద రైల్వేకు వెళ్లే లైను 5 అడుగుల 3 అంగుళాలు. రెండింటికీ వేర్వేరు ఇంజన్లు కొనడం ఎందుకనుకున్నాడు కార్ఖానా ఇంజినీరు శామ్యూల్ జియోఘెగన్. ఆయన చేసిన ఏర్పాటును తమ్ముడికి కాగితం మీద బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. బుల్లి ఇంజన్ను క్రేన్‌తో పైకెత్తి, అడుగులేని తొట్టిలాంటి పెద్ద గేజ్ బండిలోకి దించుతారు. ఇంజను చక్రాలు అందులోని రోలర్ల మీద కూర్చుంటాయి. ఆవిరి తోలితే ఇంజను ఉన్నచోటే చక్రాలు తిప్పుతుంది, రోలర్లు తిరుగుతాయి, వాటినుంచి పళ్లచక్రాల ద్వారా కింది పెద్ద చక్రాలు తిరుగుతాయి. మొత్తం బండి 5 అడుగుల 3 అంగుళాల పట్టాల మీద వ్యాగన్లు లాక్కుంటూ వెళ్తుంది. పని అయ్యాక మళ్లీ క్రేన్‌తో ఎత్తి సొంత పట్టాల మీద పెడతారు.

స్టోర్‌హౌస్‌లో ఉన్న ఇంజను నిజంగానే చిన్నది. సిలిండర్లు చక్రాల పక్కన కాకుండా బాయిలర్ నెత్తిమీద ఉన్నాయి. కింద దుమ్ము, చిందే బీరు, బురద తగలకుండా అలా పెట్టాడట. ఆ నల్లటి ఇనుము ముందు చాలాసేపు నిలబడ్డాను. జనం ఫోటో తీసుకుని పైఅంతస్తు బార్‌కు వెళ్లిపోతున్నారు. అక్కడ తమ్ముడు ఒక పైంట్ తీసుకున్నాడు. 568 మిల్లీలీటర్లు. దేశమంతా మెట్రిక్‌లోకి మారినా పైంట్‌ను మాత్రం చట్టమే ఉంచేసింది. "దీన్ని అర లీటరు చేస్తే ఇక్కడ ప్రభుత్వం పడిపోతుంది" అని పక్కన నిలబడ్డ పెద్దాయన తమ్ముడితో చాలా గంభీరంగా అన్నాడు.

సెప్టెంబర్ 13, శనివారం. ఎంటర్‌ప్రైజ్ రైల్లో

డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ రైలుకు 1947 నుంచీ అదే పేరు, ఎంటర్‌ప్రైజ్. కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి. మాలహైడ్ దాటగానే రైలు నీళ్ల మధ్యలోంచి పోతుంది. ద్రొహెడా దగ్గర బాయిన్ నదిని చాలా ఎత్తున దాటుతుంది. ఈ వంతెన లేని రోజుల్లో డబ్లిన్ లైను ఒక ఒడ్డున, బెల్‌ఫాస్ట్ వైపు లైను ఇంకో ఒడ్డున ఆగిపోయేవి. వంతెన 1855లో పూర్తయింది.

కిటికీలోంచి నేను చూస్తున్నది మైలురాళ్లను. పట్టాల పక్కన ప్రతి పావు మైలుకూ ఒక గుర్తు ఉంది. రిపబ్లిక్ రోడ్ల మీద వేగ పరిమితులు 2005 జనవరి 20న మైళ్ల నుంచి కిలోమీటర్లకు మారిపోయాయి. రైల్వే మారలేదు. డ్రైవర్‌కు వేగం ఇప్పటికీ గంటకు మైళ్లలోనే. ఈ లైను మీద గరిష్ఠం 90 మైళ్లు, అంటే 145 కిలోమీటర్లు. రోడ్డు బోర్డులైతే మార్చేయవచ్చు. రైల్వేలో రాయి మారిస్తే సిగ్నల్ పటాలు, వంతెనల లెక్కలు, డ్రైవర్ల శిక్షణ అన్నీ మారాలి. ఆ ఖర్చుకు ఎవరూ సిద్ధపడలేదు. నా ఉద్దేశంలో అది మంచిదే. ఉత్తరాన కూడా మైళ్లే కాబట్టి దాదాపు 113 మైళ్ల లైను మొత్తానికీ ఒకే భాష సరిపోతోంది.

మైళ్లను కిలోమీటర్లు చేయడానికి తమ్ముడి దగ్గర ఒక కిటుకు ఉంది. 3, 5, 8, 13, 21, 34, 55. ముందు రెండూ కలిపితే తర్వాతది వచ్చే వరుస. 5 మైళ్లంటే పక్కనున్న 8 కిలోమీటర్లు. 8 మైళ్లంటే 13. 34 మైళ్లంటే 55. ఈ వరుసలో పక్కపక్క అంకెల నిష్పత్తి 1.618 దగ్గర స్థిరపడుతుంది, మైలేమో 1.609 కిలోమీటర్లు. అంత దగ్గరగా రావడం కాకతాళీయమే అయినా ప్రయాణంలో బాగా పనికొచ్చింది.

మా ఎదుటి సీట్లో డెబ్బై దాటిన ఒకావిడ. డబ్లిన్‌లో మనవణ్ణి చూసి న్యూరీకి తిరిగి వెళ్తోంది. టీ బండి వచ్చినప్పుడు బ్యాగులోంచి ఎర్ర పర్సు తీసింది, గుర్తుపట్టి లోపల పెట్టేసి నీలం పర్సు తీసింది. ఎర్రది పౌండ్లకు, నీలంది యూరోలకు. "చిన్నప్పుడు ఒక్క పర్సే ఉండేది. అటు డబ్బు ఇటు, ఇటు డబ్బు అటు చెల్లేది" అంది. నిజమే. 1928లో ఐర్లాండ్ సొంత పౌండు మొదలుపెట్టినప్పటినుంచి 1979 దాకా అది బ్రిటిష్ పౌండుకు సరిసమానం. 1979లో ఐర్లాండ్ యూరప్ ద్రవ్య ఏర్పాటులో చేరడంతో ఆ ముడి తెగింది. "ఆ ఏడాదే మా అమ్మ ఈ రెండో పర్సు కుట్టింది" అని నీలం పర్సు నా చేతికిచ్చింది. లోపలి గుడ్డ అరిగి పలచబడింది.

డండాక్ దాటాక ఫోన్‌కు బ్రిటన్‌లోకి స్వాగతం అంటూ మెసేజ్ వచ్చింది. రైలు వేగం తగ్గలేదు. ఎవరూ పైకి చూడలేదు. చక్రాల చప్పుడు కూడా మారలేదు. ఈ ద్వీపాన్ని విడదీసింది 1921లో. గేజ్ తగువు తీరింది 1846లో. గీత గీసేనాటికి పట్టాల లెక్క 75 ఏళ్ల పాతది. ఇంజినీర్లు ముందే రాజీ పడి డబ్బు ఖర్చుపెట్టి పని పూర్తి చేసేశారు గనక రాజకీయాలు దాన్ని తాకలేదు. కరెన్సీ అలా కుదరలేదు. అందుకే ఈ పెద్దావిడ చేతిసంచిలో ఇన్నేళ్లుగా రెండు పర్సులు.

న్యూరీ దగ్గర 18 కమానుల క్రెగ్‌మోర్ వంతెన. ఆవిడ దిగేముందు మా ఇద్దరి చేతుల్లో చెరొక పిప్పరమెంటు పెట్టింది.

బెల్‌ఫాస్ట్, అదే సాయంత్రం, మర్నాడు

ఏటీఎంలోంచి వచ్చిన నోట్లు చూసి నేను తెల్లబోయాను. ఒకటి నిలువుగా అచ్చేసింది. ఇంకోదాని మీద బ్యాంక్ ఆఫ్ ఐర్లాండ్ అని ఉంది, కానీ అది యూరో కాదు, పౌండే. ఉత్తర ఐర్లాండ్‌లో మూడు వాణిజ్య బ్యాంకులు సొంతంగా పౌండు నోట్లు అచ్చేస్తాయి: బ్యాంక్ ఆఫ్ ఐర్లాండ్, డాన్స్కే, అల్‌స్టర్. నిలువు నోటు అల్‌స్టర్ బ్యాంకుది. విలువలో ఇవి లండన్ పౌండుతో సమానమే అయినా ఇంగ్లండ్‌లో కొన్ని దుకాణాలవాళ్లు తీసుకోవడానికి వెనకాడతారు. అక్కడికి వెళ్లేవాళ్లు ఇక్కడే ఖర్చుపెట్టేయడం మేలు.

ఇంకో ముఖ్యమైన మాట. కార్డు పెట్టగానే మిషన్ "రూపాయల్లో కడతారా, పౌండ్లలోనా" అని అడుగుతుంది. రూపాయలు కనపడగానే ప్రాణం లేచొస్తుంది. నొక్కకండి. ఆ రేటును వేసేది మన బ్యాంకు కాదు, ఆ మిషన్ వెనకున్న సంస్థ. తన వాటా కలుపుకునే వేస్తుంది. పౌండ్లు ఎంచుకుంటే మన బ్యాంకు రేటు పడుతుంది. దానిమీద చాలా కార్డులకు 3.5 శాతం దాకా ఫీజు, దానికి జీఎస్టీ. అయినా సాధారణంగా ఇదే తక్కువ పడుతుంది.

సెయింట్ జార్జెస్ మార్కెట్ శుక్రవారం నుంచి ఆదివారం దాకే. ఆదివారం పొద్దున్న సోడా బ్రెడ్, బంగాళాదుంప రొట్టె, గుడ్లు, పుట్టగొడుగులతో టిఫిన్ చేశాం. అల్‌స్టర్ ఫ్రై అంటారు. మాంసం ముక్కలు వద్దంటే ఇంకో గుడ్డు వేసిచ్చారు. బంగాళాదుంప రొట్టె పెనం మీద కాల్చి పైన వెన్న రాసింది, పల్చగా, ఉప్పగా, మెత్తగా. ఆ రొట్టె ఒక్కటి తిన్నా నాకు చాలు. పక్క బల్ల మీద డల్స్ అనే ఎండబెట్టిన సముద్రపు పాచి అమ్ముతున్నారు. ధర కాగితం మీద గ్రాముల్లో ఉంది. మా ముందున్న ముసలాయన పావు పౌను అడిగాడు. అమ్మే అమ్మాయి చార్టు చూడలేదు, లెక్క కట్టలేదు. చేత్తో తీసి కాటా మీద వేస్తే 113 గ్రాములు చూపించింది. పావు పౌను 113.4! ఆయన చూడనైనా చూడలేదు, అంత నమ్మకం. నేను అడిగితే ఆ అమ్మాయి నవ్వి, "యంత్రానికి గ్రాములు, మనుషులకు పౌన్లు" అంది.

అక్కణ్ణుంచి బాంగర్ వెళ్లే లైనులో కల్ట్రా అనే చిన్న స్టేషన్. అక్కడే అల్‌స్టర్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం. ఎనిమిది వందల నంబరు మేవ్ ఇంజను 1939లో డబ్లిన్‌లోని ఇంచికోర్‌లో చేసింది. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు, మనిషికి మించిన చక్రాలు. అది 5 అడుగుల 3 అంగుళాల బండి. కాస్త అవతల బ్లాంచ్ అనే డొనెగల్ ఇంజను, మూడు అడుగుల గేజ్‌ది. నాతో తెచ్చుకున్న టేపు తీశాను. ఒకతను అక్కడ కాపలా ఉన్నాడు. ఏమంటాడో అనుకున్నాం. దగ్గరికొచ్చి రెండో కొస తనే పట్టుకున్నాడు. పట్టా తల లోపలి అంచు నుంచి అవతలి పట్టా లోపలి అంచు దాకా, పై ఉపరితలం కంటే కొంచెం కిందికి పట్టుకుని కొలవాలని సరిదిద్దాడు కూడా. చక్రం అంచు తగిలేది అక్కడే కాబట్టి గేజ్ అనేది అక్కడే. 914 మిల్లీమీటర్లు వచ్చింది. అడుగుల వైపు తిప్పితే సరిగ్గా 3 అడుగులు.

సెప్టెంబర్ 15. డెర్రీ రైలు

రెండు గంటలు పైగా పట్టే ఈ లైనులో చివరి సగం కోసం ఎంత దూరమైనా రావచ్చు. కాజిల్‌రాక్ దాటగానే రెండు సొరంగాలు, తర్వాత ఇసుక, సముద్రం, ఇంకోవైపు నిట్టనిలువు కొండ. ఆ తర్వాత మగిల్లిగన్ మైదానం. బల్లపరుపుగా, పచ్చగా, ఏమీ లేని నేల. అందరూ ఫోన్లలోకి వెళ్లిపోయారు. నేను మాత్రం ఈ చోటు కోసమే ఎదురుచూశాను.

ఐర్లాండ్ మొత్తం పటం గీయడానికి 1827, 1828లలో సర్వే అధికారి థామస్ కోల్బీ ఆధ్వర్యంలో ఈ ఫోయిల్ అనే సముద్రపు పాయ తీరాన దాదాపు 8 మైళ్ల సరళరేఖను కొలిచారు. మొదటి గీత తప్పితే దేశమంతా తప్పుతుంది. ఇనుప కడ్డీతో కొలుద్దామంటే ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. అందుకని కోల్బీ పదడుగుల ఇనుప కడ్డీని, ఇత్తడి కడ్డీని పక్కపక్కన పెట్టి మధ్యలో బిగించాడు. రెండూ వేర్వేరుగా సాగుతాయి. కొసలకు ఉన్న చిన్న నాలుకలు ఆ తేడాకు తగ్గట్టు వాలతాయి. ఆ నాలుకల మీది చుక్కల మధ్య దూరం మాత్రం ఏ వేడికీ మారదు. 1960లో ఎలక్ట్రానిక్ పరికరాలతో అదే గీతను మళ్లీ కొలిస్తే తేడా ఒక అంగుళం! ఎనిమిది మైళ్లలో అంగుళం! కోల్బీకి ఎడమ చెయ్యి లేదు, యువకుడిగా ఉన్నప్పుడే పిస్టల్ పేలి పోయింది.

ఈ రకం కడ్డీలతోనే 1831, 32లో కలకత్తా దగ్గర జార్జ్ ఎవరెస్ట్ మన దేశపు సర్వేకు ఆధార రేఖ కొలిచాడు. ఇది తమ్ముడికి చెప్తే ఫోన్ పక్కన పెట్టి కిటికీకి ముఖం ఆనించాడు.

డెర్రీలో ఒకప్పుడు నాలుగు స్టేషన్లు, నలుగురు యజమానులు, రెండు గేజ్‌లు. రెండు స్టేషన్లలో 5 అడుగుల 3, రెండింట్లో 3 అడుగులు. ఇప్పుడు మిగిలింది వాటర్‌సైడ్ ఒక్కటే. మిగతా మూడూ ఎక్కడుండేవో వెతుకుతూ ఫోయిల్ నది వెంట నడిచాం. ఫోన్ మ్యాపు ఒక గోడౌన్ వెనక్కి తీసుకెళ్లి దారి అయిపోయిందని చెప్పింది. చేపలు పట్టే కుర్రాళ్లు రెండంతస్తుల క్రెయిగవన్ వంతెన కేసి చూపించారు. 1933లో కట్టిన ఆ వంతెన కింది అంతస్తులో ఒకప్పుడు రైలు పట్టాలుండేవి, వ్యాగన్లను నది దాటించడానికి. ఇప్పుడు రెండు అంతస్తుల మీదా కార్లే.

సెప్టెంబర్ 16, 17. డొనెగల్

డెర్రీ నుంచి డొనెగల్ టౌన్‌కు బస్సు. ఊరు దాటిన కొద్ది నిమిషాలకే సరిహద్దు. రోడ్డు అంచు గీత తెలుపు నుంచి పసుపు చుక్కల గీతగా మారింది. బోర్డుల మీద ఐరిష్ భాష వచ్చింది. వేగ పరిమితులు ఇక కిలోమీటర్లలో అని ఒక బోర్డు. పెట్రోల్ బంకు గోడ మీద పౌండ్లు తీసుకుంటామని రాసుంది, వాళ్ల సొంత రేటుతో.

ఇక్కడ అంకె ఒక్కటే, అర్థం రెండు. ఉత్తరాన ఊరి బయట మామూలు రోడ్డు మీద గరిష్ఠ వేగం 60. దక్షిణాన స్థానిక రోడ్ల మీద 2025 ఫిబ్రవరి నుంచి అదీ 60. అక్కడ 60 మైళ్లు, అంటే 97 కిలోమీటర్లు. ఇక్కడ 60 కిలోమీటర్లు, అంటే 37 మైళ్లు. ఒకే సందులాంటి రోడ్డు సరిహద్దుకు అటు ఇటు ఉంటుంది. అంకెను చూసి ప్రమాణం చూడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. బోర్డు మీద అంకె కింద చిన్న అక్షరాలతో కిలోమీటర్లు అని రాయడం ఎందుకో నాకు అక్కడ బోధపడింది.

డొనెగల్ పాత స్టేషన్ భవనంలోనే రైల్వే వారసత్వ కేంద్రం ఉంది. కౌంటీ డొనెగల్ రైల్వేస్ అనే కంపెనీకి ఒకప్పుడు దాదాపు 200 కిలోమీటర్ల మూడడుగుల లైను ఉండేది. కొండలెక్కువ, జనం తక్కువ, ఇరుకు గేజ్ అయితే చవకగా వేయవచ్చు. ఆ చవకకు మూల్యం స్ట్రబేన్ స్టేషన్లో కట్టేవారు. అక్కడ పెద్ద గేజ్ వ్యాగన్లోంచి దించిన ప్రతి బస్తా, ప్రతి పెట్టె మనుషులు భుజాల మీద మోసి చిన్న గేజ్ వ్యాగన్లోకి ఎక్కించాలి. 1959 చివరి రోజున రైళ్లు ఆగిపోయాయి. 1931లోనే డీజిల్ రైలుకారు నడిపిన కంపెనీ అది. ఇంత ముందుచూపున్నవాళ్లు కూడా రోజూ పడే ఆ బస్తాల బరువుకు ఎదురు నిలవలేకపోయారు. రోడ్డు లారీకి గేజ్ లేదు మరి.

మేమున్న ఇంటావిడకు డెబ్బై ఏళ్లుంటాయి. సాయంత్రం పొయ్యిలో టర్ఫ్ (బురదనేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలు) వేసి, టీ, కిస్మిస్ బ్రెడ్ పెట్టింది. ఒకప్పుడు వాళ్లది కిరాణా కొట్టట. 1971 ఫిబ్రవరి 15న షిల్లింగులు, పాత పెన్నీలు పోయి పౌండుకు 100 పెన్నీలు వచ్చిన రోజు తను కౌంటర్లో ఉందట. అంతకుముందు పౌండుకు 240 పెన్నీలు. "షిల్లింగు అంటే ఐదు అని గోడ మీద రాసుకున్నాం. ముసలివాళ్లు మేం మోసం చేస్తున్నామనుకున్నారు. నిన్నటి పన్నెండు ఈ రోజు ఐదు ఎలా అవుతుందని" అంది. ఆవిడ గొంతులో ఇప్పటికీ ఆ నొప్పి వినిపించింది. మనవాళ్లు 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు పడ్డ అవస్థలు మా అమ్మమ్మ చెప్పేది, అచ్చం ఇవే.

పొలం ఎంతని అడిగితే, "చట్టం ప్రకారం ఎనిమిది ఎకరాలు, మా తాతగారి లెక్కన ఐదు" అంది. మన ఎకరం 4840 చదరపు గజాలు. పాత ఐరిష్ ఎకరం 7840. ఐరిష్ మైలు కూడా పెద్దదే, 2240 గజాలు. మామూలు మైలు 1760. ఐదు ఐరిష్ ఎకరాలను మామూలు ఎకరాలు చేస్తే ఎనిమిది మీద దాదాపు పదో వంతు ఎకరం ఎక్కువ వస్తుంది. ఆవిడ లెక్క సరిగ్గా ఉంది.

తర్వాత అల్మరాలోంచి ఐదు పౌండ్ల పాత ఐరిష్ నోటు తెచ్చి చూపించింది. 2002లో యూరో నోట్లు వచ్చాయి. పాత నోట్లను ఐర్లాండ్ సెంట్రల్ బ్యాంకు గడువు లేకుండా మార్చి ఇస్తుంది. రేటు ఎప్పటికీ ఒకటే, యూరోకు 0.787564 పౌండు. తమ్ముడు ఫోన్లో భాగించి 6.35 యూరోలు అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఒక స్టోన్ కూడా 6.35 కిలోలే" అంది. మనుషుల బరువు ఇక్కడ ఇంకా స్టోన్లలోనే చెప్పుకుంటారు, 14 పౌన్లు ఒక స్టోన్. కొట్లో ఏళ్ల తరబడి బంగాళాదుంపలు తూచిన మనిషి కాబట్టి ఆ అంకె నోట్లో ఉంది. ముగ్గురం ఫోన్ మీదికి వంగి రెండుసార్లు చూసుకున్నాం. నిజమే. నోటు మాత్రం మార్చనంది. "ఇది మా ఆయన పర్సులోది."

సెప్టెంబర్ 18. తిరుగు బస్సు

డొనెగల్ నుంచి డబ్లిన్ బస్సు మధ్యలో ఎన్నిస్కిలెన్ మీదుగా పోతుంది. అంటే దక్షిణం నుంచి ఉత్తరానికి, మళ్లీ దక్షిణానికి. కిలోమీటర్లు మైళ్లయ్యాయి, మైళ్లు కిలోమీటర్లయ్యాయి. డ్రైవర్ ముందున్న మీటరు మీద రెండు వలయాలున్నాయి. సరిహద్దు దగ్గర ఆయన తల ఒక్కసారి కిందికి దిగి లేచింది, అంతే. ఎన్నిస్కిలెన్‌లో బస్సు ఆగినప్పుడు టేటో చిప్స్ కొన్నాం. ఉత్తరాన ఒక టేటో, దక్షిణాన ఇంకో టేటో. రెండూ వేర్వేరు కంపెనీలు, రెండింట్లోనూ పేరు పొందింది చీజ్, ఉల్లిపాయ రుచే. ఏది బాగుందని అడిగితే పెద్ద తగువు అవుతుందట. నాకు ఉత్తరం ప్యాకెట్ కొంచెం ఎక్కువ నచ్చింది. తమ్ముడు ఒప్పుకోలేదు.

డబ్లిన్ చేరేసరికి నా దగ్గర నలభై పౌండ్ల అల్‌స్టర్ నోట్లు మిగిలాయి. విమానాశ్రయంలో మార్చే కౌంటర్ బోర్డు మీద కొనే రేటుకూ అమ్మే రేటుకూ మధ్య తేడా చూసి వెనక్కి వచ్చేశాను. తమ్ముడు ఆ రోజు బజారు రేటుకే యూరోలిచ్చి నోట్లు తీసుకున్నాడు. పౌండు తగ్గినప్పుడల్లా డబ్లిన్ జనం సామాన్లకు న్యూరీ వెళ్తుంటారు. వచ్చే నెల తమ్ముడివాళ్లూ వెళ్లాలనుకుంటున్నారు.